గోదావరి డెల్టాలో పాత హోటళ్లు, సత్రాలు, గాన సభలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం లాంటి ఊళ్లలో పాత హోటళ్ల గురించీ, కచేరీలు, నాటకాలు జరిగిన మందిరాల గురించీ అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. తాతగారి ఫొటో వెనక రాసి ఉన్న సభ పేరు పట్టుకుని కొందరు అడుగుతారు. పరిశోధన చేస్తున్న విద్యార్థులు కొందరు. 2027లో పుష్కరాలకు వస్తాం, స్నానం కాక ఇంకేం చూడొచ్చు అనేవాళ్లూ ఉన్నారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

హోటళ్ల చరిత్ర, సంగీతం చరిత్ర కలిపి ఎందుకు చెబుతారు?

మహానగరాల్లో పెద్ద హోటలే కచేరీ వేదిక కూడా అవుతుంది. పైన గదులు, కింద హాల్లో పాట. మన డెల్టాలో అన్నీ అలా ఒకే కప్పు కిందికి రాలేదు. బస ఒకచోట, భోజనం ఇంకోచోట, పాట మరోచోట. అయినా ఈ మూడూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి నడిచాయి. పరాయి ఊరి విద్వాంసుడు రావాలంటే ఆయన్ని స్టేషన్‌లో దింపుకునే మనిషి ఉండాలి. పక్కవాద్యాల వాళ్లతో కలిపి నలుగురికి రెండు పూటలా అన్నం పెట్టాలి, పడుకోవడానికి చోటు చూపించాలి. ఆ అన్నం ఎవరు పెట్టారన్నదాన్ని బట్టే ఏ పాట వచ్చింది, దాన్ని ఎవరు విన్నారు అనేది తేలింది. జమీందారు పెట్టినప్పుడు కచేరీ కోటలో జరిగింది. గుడి మాన్యం పెట్టినప్పుడు కల్యాణ మండపంలో జరిగింది. ఊళ్లో వకీళ్లు, వర్తకులు చందాలు వేసుకున్నప్పుడు గాన సభ పుట్టింది. టికెట్ కొన్న జనం పెట్టినప్పుడు నాటకశాల నిండింది. అందుకే వంటిల్లు వదిలేసి వేదిక గురించి మాత్రమే చెబితే సగం కథే అవుతుందని నా నమ్మకం.

హోటళ్లు రాకముందు ప్రయాణికులు ఎక్కడ తినేవాళ్లు, ఎక్కడ పడుకునేవాళ్లు?

ముందు ప్రయాణం ఎలా ఉండేదో చూడాలి. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, మనుషులకు దారీ ఇచ్చాయి. రాజమండ్రి నుంచి కాకినాడకైనా, ఏలూరు మీదుగా బెజవాడకైనా పడవే. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గట్టున నడుస్తూ తాడు కట్టి లాగేవాళ్లు. లాకుల దగ్గర నీటిమట్టం సరిపడేదాకా పడవ ఆగాలి. అలా ఆగిన చోటే వంటా, నిద్రా. లాకుల పక్కన, రేవుల దగ్గర చిన్న కొట్లు, పూటకూళ్ల ఇళ్లు పుట్టుకొచ్చింది ఇందుకే.

పుణ్యక్షేత్రాల్లో సత్రాలు ఉండేవి. ద్రాక్షారామం, కోటిపల్లి, అంతర్వేది దారుల్లో దాతలు కట్టించిన సత్రాల్లో ఒకటి రెండు రోజులు ఉచితంగా ఉండొచ్చు. అక్కడ అన్నం పెట్టకపోతే పొయ్యి, పాత్రలు ఇచ్చేవాళ్లు. పూటకూళ్లమ్మలైతే డబ్బు తీసుకుని ఇంటి వంట పెట్టేవాళ్లు. ఆ పనిలో ఎక్కువమంది దిక్కులేని వితంతువులే. డెల్టాలో హోటల్ వ్యాపారానికి పునాది వేసింది ఆ ఆడవాళ్లే, ఒక్కరి పేరూ ఏ బోర్డు మీదా లేదు.

పేరు నిలిచిన ఒక్క ఇల్లాలు డొక్కా సీతమ్మ గారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురానికొచ్చి, 1909లో కన్నుమూసేదాకా వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టారు. గోదావరి పాయ దాటే బాటసారులకు ఆ ఇల్లు దారిలో పడేది. ఎడ్వర్డ్ చక్రవర్తి ఉత్సవానికి పిలుపు వచ్చినా, ఇంటికొచ్చేవాళ్లకు అన్నం ఎవరు పెడతారని ఆమె వెళ్లలేదన్న కథ కోనసీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పి.గన్నవరం దగ్గర కాలువను గోదావరి పాయ మీదుగా దాటించే కొత్త వంతెనకు, అంటే అక్విడక్టుకు, ఆమె పేరే పెట్టారు.

మొదటి హోటళ్లు ఎప్పుడు వచ్చాయి?

రైలుతో వచ్చాయి. కోస్తా రైలు మార్గం 1893 తర్వాత ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తయింది. అంతకుముందు కొవ్వూరు వైపు నుంచి వచ్చినవాళ్లు నది దాటాలంటే పడవే దిక్కు. వంతెన వచ్చాక మద్రాసు నుంచి కలకత్తా దాకా రైలు నేరుగా నడిచింది. రాజమండ్రిలో దిగేవాళ్ల సంఖ్యతో పాటు వాళ్ల తొందర కూడా పెరిగింది. సత్రంలో దిగి వండుకుని తినే తీరిక కోర్టు వాయిదాకు వచ్చినవాడికి లేదు. డబ్బులిచ్చి, తిని, మధ్యాహ్నం కోర్టులో ఉండాలి. ప్లీడర్ల దగ్గరికి వచ్చే రైతులు, కాలేజీ కుర్రాళ్లు, ధాన్యం బేరగాళ్లు, కలప వ్యాపారులు, వీళ్లే తొలి ఖాతాదారులు.

తర్వాత కాఫీ వచ్చింది. ఇడ్లీ, కాఫీ అమ్మే ఉడిపి హోటళ్లు, అయ్యర్ల హోటళ్లు వచ్చాయి. వాటిని చూసి మనవాళ్లూ టిఫిన్ హోటళ్లు పెట్టారు. పెసరట్టు, మినపరొట్టె అప్పటిదాకా ఇంట్లో తినేవే, అప్పుడు బజారుకొచ్చాయి. భోజనం హోటళ్లలో నెలసరి టికెట్ల పుస్తకం ఉండేది. పూటకో టికెట్ చింపి గల్లాపెట్టె దగ్గర ఇస్తే చాలు. కాకినాడ వైపు బుట్ట భోజనం పేరుకెక్కింది కొంచెం తర్వాతి కాలంలో.

ఆ హోటళ్లలోకి, హాళ్లలోకి అందరినీ రానిచ్చేవాళ్లా?

రానిచ్చేవాళ్లు కాదు. ఈ విషయం దాచి పాత రోజులను పొగడటం తప్పు. సత్రాలు కులాల వారీగా ఉండేవి. ‘బ్రాహ్మణ భోజనశాల’ అని బోర్డు మీదే రాసుకున్నారు. లోపల కూడా పంక్తులు వేరు. దళితులకు చాలా హోటళ్లలో గుమ్మం బయటే, గ్లాసు వేరు. ఏ కులం వాళ్లకైనా హోటల్లోకి ప్రవేశం దేశమంతటా రాజ్యాంగ హక్కు అయింది 1950లో, 15వ అధికరణంతో. దాన్ని కాదంటే శిక్ష వేసే అస్పృశ్యత నేరాల చట్టం 1955లో వచ్చింది. చట్టం వచ్చాక కూడా పల్లెటూళ్ల కాఫీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి వెంటనే పోలేదు.

నాటకశాలలో తేడా డబ్బుతో ఉండేది: నేల, బెంచి, కుర్చీ. నేల టికెట్ కొనగలిగినవాడు పద్యం వినగలిగాడు. గాన సభల కంటే నాటకాలు జనంలోకి ఎక్కువ పోవడానికి ఇదీ ఒక కారణం.

రాజమండ్రి టౌన్ హాల్ ఎవరిది? అక్కడ కచేరీలు జరిగేవా?

కందుకూరి వీరేశలింగం గారు 1890లో కట్టించారు. ఊళ్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు కావాలన్నది ఆయన పట్టుదల. సభలకూ ఉపన్యాసాలకూ కట్టిన హాలు అది, సంగీతం కోసం కట్టింది కాదు.

ఆయనకూ నాటక వేదికకూ ఉన్న సంబంధం అంతకు పదేళ్ల ముందుది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి, పాక వేసి, హిందీ నాటకాలు ఆడింది. జనం విరగబడి చూశారు. వాళ్లు వెళ్లిపోయాక వీరేశలింగం గారు అదే పాకలో తన విద్యార్థుల చేత తెలుగు నాటకం ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు మొదలు అదే. ఎవరో వేసి వదిలిన తాటాకు పాక మన రంగస్థలానికి పుట్టిల్లు కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. ఆ తర్వాత చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి లాంటి రచయితలు ఈ ఊరి నుంచే నాటకాలు రాశారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులో చెప్పింది కూడా చిలకమర్తి వారే.

కాకినాడ సరస్వతీ గాన సభకు అంత పేరు ఎందుకు?

వయసు వల్ల కొంత, పద్ధతి వల్ల ఎక్కువ. మద్రాసులో పార్థసారథి స్వామి సభ మొదలైంది 1900లో. మ్యూజిక్ అకాడమీ అయితే 1928లో. కాకినాడ సభ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే పుట్టింది. అంటే టికెట్ తీసుకునో, సభ్యత్వం కట్టో శాస్త్రీయ సంగీతం వినే అలవాటు మద్రాసులో ఇంకా స్థిరపడుతున్న రోజుల్లోనే మన తీర పట్నంలో పాదుకుంది. కాకినాడ అప్పటికే జిల్లా కేంద్రం, ఓడరేవు. ఎగుమతి వ్యాపారులు, వకీళ్లు, ఉద్యోగులు ఒకచోట ఉన్నారు. పక్కనే పిఠాపురం సంస్థానం. అక్కడ తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారి వీణ. పిఠాపురంలో ఆ వీణ విని రవీంద్రనాథ్ టాగూరు ముగ్ధుడై ఆయన్ని శాంతినికేతన్‌కు ఆహ్వానించారంటే స్థాయి తెలుస్తుంది. అంతటి వాద్యం కూతవేటు దూరంలో విన్న చెవులు నాసిరకం కచేరీకి తల ఊపవు.

సభకు ప్రాణం దసరా నవరాత్రులు. వరసగా రోజూ కచేరీ. దక్షిణాది పేరున్న విద్వాంసులు తరతరాలుగా ఇక్కడికి వచ్చి పాడారు. సూర్యకళామందిరం ఈ కచేరీలకు ఇల్లయింది. కాకినాడలో పాడి మెప్పు పొందితే ఆంధ్రదేశంలో ఎక్కడైనా పాడొచ్చన్న మాట సంగీతం వాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఇక్కడి శ్రోతలు తాళం వేస్తూ వింటారు. ముందు వరసలో పెద్దాయన చేతివేళ్లు లెక్క తప్పకుండా కదులుతుంటే పైన పాడేవాళ్లకు ఒక ధైర్యం, ఒక టెన్షన్.

1923 కాంగ్రెస్ మహాసభలో పాట మీద గొడవ జరిగిందట, నిజమేనా?

నిజమే. 1923 డిసెంబర్ చివర్లో కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. గ్వాలియర్ బాణీ గాయకుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం ఎత్తుకున్నారు. తన మతం సంగీతానికి ఒప్పుకోదని అధ్యక్షుడు అభ్యంతరం చెప్పారు. ఇది జాతీయ వేదిక, ప్రార్థనా మందిరం కాదని చెప్పి పలుస్కర్ పాట ఆపకుండా పూర్తిచేశారు. దేశమంతా మాట్లాడుకున్న సంఘటన అది. వేదిక మీద పాడే హక్కు ఎవరిది, ఏ పాటకు ఎక్కడ చోటు అన్న చర్చ మన ఊరి పందిట్లోనే జరిగింది.

అదే సమావేశాల్లో ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడ్డ చిన్నపిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్లనివ్వలేదు. టికెట్ కొన్నాకే పంపింది. ఆ పిల్లే తర్వాతి రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్.

పద్యనాటకాల రోజుల్లో ఒక రాత్రి ఎలా గడిచేది?

సార్వా పంట ఇంటికి చేరాక, సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా నాటకాల కాలం. చేతిలో ధాన్యం డబ్బులుంటాయి, వానల భయం ఉండదు. కంట్రాక్టరు అనేవాడు ఒకడు పేరున్న నటులను ఊరూరి నుంచి పిలిపించి, ఒక్క రాత్రికి జత కలుపుతాడు. కృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు ఇంకో ఊరివాడు. రిహార్సల్ ఉండదు. అందరికీ నాటకం కంఠతా వచ్చు.

పగలంతా కరపత్రాలు పంచుతూ బండి తిరుగుతుంది. సాయంత్రం నటులు హోటల్లో టిఫిన్ చేస్తుంటే జనం గుమ్మం దగ్గర గుంపు కడతారు. రాత్రి పదింటికి హార్మోనియం మొదలవుతుంది. తెర వెనక నుంచి ప్రార్థన వినిపిస్తుంది. తెర లేస్తుంది. మాట కంటే పద్యం పెద్దది, పద్యం కంటే దాని చివర తీసే రాగం పెద్దది. హార్మోనిస్టు ఒక స్వరం అందిస్తే నటుడు దాన్ని పట్టుకుని రెండు మూడు నిమిషాలు సాగదీస్తాడు. ‘ఒన్స్ మోర్’ అని నేల టికెట్ల వైపు నుంచి కేక లేస్తే మళ్లీ పాడాల్సిందే. ఒకే నాటకంలో మొదటి సగానికి ఒక కృష్ణుడు, రెండో సగానికి మరో కృష్ణుడు. ఇద్దర్లో ఎవరు గొప్పన్నది తెల్లారాక కాఫీ హోటల్లో తేలుస్తారు. తెల్లవారుజామున నాటకం విడిచేసరికి ఇడ్లీ వాయి దిగి ఉండాలని హోటల్ వాళ్లు మూడింటికే పొయ్యి రాజేసేవాళ్లు. ఆ ఒక్కరోజు అమ్మకం మామూలు రోజులకు ఎన్నో రెట్లు ఉండేదని పాత హోటళ్ల వాళ్లు సంబరంగా చెప్పుకుంటారు.

ఈ నాటకాలకు పద్యాలిచ్చినవాళ్లూ ఈ నేలవాళ్లే. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గరి యండగండి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారిది కడియం. వాళ్ల పాండవ నాటకాల పద్యాలు చదువురాని రైతుల నోటికి కూడా వచ్చు.

కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ గురించి విడిగా చెప్పాలి. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి, వీళ్లంతా ఆ క్లబ్బు నాటకాల్లో పనిచేశాకే సినిమాకు వెళ్లారు. ఒక పట్నం క్లబ్బు నుంచి ఇంతమంది రావడం చిన్న విషయం కాదు.

కళావంతుల గురించి ఎక్కడా రాయరెందుకు?

సిగ్గుపడి రాయలేదు. సిగ్గుపడాల్సింది వాళ్లు కాదు. మండపేట, మురమండ, పెద్దాపురం, ముమ్మిడివరం, బల్లిపాడు లాంటి ఊళ్లలో పాటా ఆటా వృత్తిగా బతికిన కళావంతుల ఇళ్లే సంగీత పాఠశాలలు. పదం, జావళి, వర్ణం లాంటి పాటలు, గొల్లకలాపం, భామాకలాపం లాంటి నాట్యాలు అన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి. గుడి ఉత్సవంలో, జమీందారు ఇంటి పెళ్లిలో మేజువాణి, అంటే పాటతో ఆడే ఆట, వాళ్లదే. డెల్టాలో గాన సభ అనే మాట పుట్టకముందు మంచి పాట వినాలంటే వాళ్ల పాటే వినాలి.

తర్వాత రెండు వైపుల నుంచి దెబ్బ పడింది. ఒకవైపు సంఘసంస్కర్తలు మేజువాణులు మానాలని ప్రచారం చేశారు. వీరేశలింగం గారు అందులో ముందున్నారు. ఇంకోవైపు 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లలను గుడికి దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆడపిల్లలను ఆ బతుకు నుంచి తప్పించడం అవసరమే, అందులో సందేహం లేదు. కానీ దాంతోపాటు వాళ్ల విద్యకు ఉన్న చోటు కూడా పోయింది. కొత్త సభలు అదే పదాలను, అదే జావళీలను వేరేవాళ్ల నోట విన్నాయి, వీళ్లను మాత్రం పిలవలేదు. చాలామంది పేర్లు మార్చుకుని, ఊళ్లు మారి, నేర్చుకున్నది పిల్లలకు కూడా చెప్పకుండా బతికారు. కొందరు పెద్దవాళ్లు ముసలితనంలో నటరాజ రామకృష్ణ గారి లాంటి పరిశోధకులకు నేర్పబట్టి కొంత మిగిలింది. మీ ఇంట్లో అలాంటి ముత్తవ్వ ఉంటే దయచేసి ఆమె పేరు దాచకండి.

ఈ ప్రాంతం నుంచి వచ్చిన పెద్ద విద్వాంసులు ఎవరు?

అందరినీ చెప్పడం కుదరదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. వైణికుడు ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో. ఆయన శిష్యుడు చిట్టిబాబు 1936లో కాకినాడలో. నేదునూరి కృష్ణమూర్తి 1927లో పిఠాపురం దగ్గరి కొత్తపల్లిలో. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి ఏలూరు దగ్గరి సోమవరప్పాడు వారు.

బయటి ఊళ్ల విద్వాంసులు ఎక్కడ దిగేవాళ్లు? ఏం తినేవాళ్లు?

కాకినాడ మెయిన్ లైన్ మీద లేదు. మద్రాసు మెయిల్లో వచ్చినవాళ్లు సామర్లకోటలో దిగాలి. అక్కడి నుంచి బ్రాంచి రైలో, గుర్రబ్బండో, తర్వాతి రోజుల్లో కారో. తంబురా, వీణ, మృదంగం జాగ్రత్తగా దించడానికి సభ వాళ్లు మనుషులను పంపేవాళ్లు. లాడ్జీలు వచ్చినా చాలామంది విద్వాంసులు సభ పెద్దల ఇళ్లలోనే దిగేవాళ్లు, ఆచారం ఒక కారణం, పత్యం ఇంకో కారణం. మన గోంగూర, ఆవపెట్టిన పనసపొట్టు కూర, కొత్తావకాయ గొంతుకు పడవని పాడేవాళ్ల భయం. కచేరీ ముందు పలచటి మజ్జిగ, చారన్నం. కచేరీ అయ్యాక అర్ధరాత్రి అసలు భోజనం.

హోటల్ వంటగదికి మృదంగంతో నేరుగా పని ఉంది. మృదంగం ఎడమ వైపు చర్మం మీద కచేరీకి కాస్త ముందు బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తారు. రవ్వలో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ వేలితో పిసికి, సాగే ముద్ద చేసి, చర్మం నడిమధ్య గుండ్రంగా అద్ది, చేత్తో కొట్టి చూస్తారు. నాదం లోతుగా రాకపోతే ఇంకొంచెం అద్దుతారు, మరీ బరువైతే గీకేస్తారు. అయిపోయాక తుడిచేస్తారు. ఏ ఊళ్లో దిగినా మృదంగ విద్వాంసుడు ముందుగా అడిగేది గుప్పెడు రవ్వ.

వీణకు మన ఎండాకాలం శత్రువు. దాని మెట్లు మసి కలిపిన మైనంలో కూర్చి ఉంటాయి. ఎండకు మైనం మెత్తబడితే మెట్టు కదిలి స్వరం పక్కకు పోతుంది. గోదావరి గాలిలో తేమ మృదంగం చర్మాన్ని సడలిస్తుంది. కచేరీలు దసరా నుంచి చలికాలంలో పెట్టుకోవడానికి పండగ ఒక్కటే కారణం కాదు.

రేడియో, సినిమా వచ్చాక ఏమైంది?

సినిమా ముందు నటులను తీసుకుపోయింది, తర్వాత హాళ్లను. కాకినాడలో సి. పుల్లయ్య గారు మూకీల కాలంలోనే సినిమా తీశారు. రాజమండ్రిలో 1936లో దుర్గా సినీటోన్ స్టూడియో వచ్చింది. నాటకశాలలు ఒక్కొక్కటే సినిమా హాళ్లయ్యాయి. రేడియో వల్ల మాత్రం మేలే ఎక్కువ జరిగింది. 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక డెల్టా విద్వాంసులకు రేడియోలో ప్రోగ్రాం, చేతికి నాలుగు డబ్బులు, ఊరూరా పేరు. హోటల్ యజమానులు గల్లాపెట్టె పైన రేడియో పెట్టారు. సాయంత్రం కాఫీ ఒక్కటి చెప్పి కచేరీ అంతా విన్నవాళ్లు ఎందరో. సభకు వెళ్లే స్తోమత, చొరవ లేనివాళ్లకు శాస్త్రీయ సంగీతం వినిపించింది ఆ హోటలే.

ఇప్పుడు వస్తే ఏవి చూడొచ్చు?

రాజమండ్రిలో టౌన్ హాల్, గౌతమీ గ్రంథాలయం, దామెర్ల రామారావు చిత్రశాల ఒక్క పూటలో చూడొచ్చు. ఆనం కళాకేంద్రంలో ఆ రోజు ఏ కార్యక్రమం ఉందో కనుక్కోండి. 1997లో రైళ్లు ఆగిన హేవలాక్ వంతెనను గట్టు మీద నుంచి చూడండి. కాకినాడకు దసరాల్లో వెళ్తే సూర్యకళామందిరంలో కూర్చుని కచేరీ వినండి, ఖాళీ హాలు చూసి రావడం కంటే అది మేలు. కపిలేశ్వరపురంలో హరికథ పాఠశాల ఉంది, అక్కడ ఆడపిల్లలు గజ్జె కట్టి కథ చెప్పడం నేర్చుకుంటారు. తినడానికి తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఎలాగూ వదలరు. పుష్కరాల రద్దీలో ఇవేవీ ప్రశాంతంగా చూడలేరు, వీలైతే ముందో వెనకో రండి.

మా తాతగారు హోటల్ నడిపారు (లేదా నాటకాలు ఆడారు). ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

ముందు ఇంట్లో వెతకండి. పాత ట్రంకుపెట్టెలో కరపత్రాలు, పెళ్లి శుభలేఖలు, లెటర్‌హెడ్లు, గ్రామఫోన్ ప్లేట్లు, మెడల్స్. ఫొటో వెనక ఫొటో స్టూడియో పేరు, ఊరు ఉంటుంది. దాన్ని బట్టి కాలం అంచనా వేయొచ్చు. కాగితాలను లామినేషన్ మాత్రం చేయించకండి, తర్వాత వాటిని విడదీయలేరు. స్కాన్ చేసి, కవర్లో పెట్టి, తేమ లేని చోట ఉంచండి.

భవనం ఎవరిదో తెలియాలంటే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించాలి, మున్సిపాలిటీలో పాత ఇంటిపన్ను రికార్డు అడగాలి. సభలు, సమాజాలు సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర కాగితం ఉండొచ్చు. 1902లో మొదలైన కృష్ణాపత్రికలో, 1914 నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రికలో నాటక, కచేరీ వార్తలు, ప్రకటనలు ఉంటాయి. ప్రెస్ అకాడమీ చాలా పాత సంచికలను స్కాన్ చేయించింది. గౌతమీ గ్రంథాలయంలో ఓపిగ్గా కూర్చుంటే దొరికేవి చాలా ఉన్నాయి.

ఇంట్లో తొంభై దాటిన పెద్దవాళ్లుంటే ఈ నెలలోనే ఫోన్లో వాళ్ల మాటలు రికార్డు చేయండి. ‘మీ రోజులు ఎలా ఉండేవి’ అని అడిగితే ‘బాగుండేవి’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. వంటవాళ్లు ఏ ఊరివాళ్లు, భోజనం ఎంత, అరటాకులు ఎక్కడి నుంచి వచ్చేవి, నాటకం వాళ్లు బాకీ పెడితే ఎలా వసూలు చేశారు, వరదొస్తే బియ్యం బస్తాలు ఎక్కడ పెట్టారు, ఇలా అడగండి. ఒకటి గుర్తొస్తే వెనకే నాలుగు వస్తాయి.

మా ఊళ్లో పాత హోటల్ భవనం కూల్చేస్తున్నారు. ఆపగలమా?

పురావస్తు శాఖ రక్షిత కట్టడంగా ప్రకటించి ఉంటే తప్ప ప్రైవేటు భవనాన్ని చట్టంతో ఆపడం కష్టం. మన పాత హోటళ్లు, నాటకశాలలు అలాంటి జాబితాల్లో దాదాపుగా ఉండవు. వారసులు నలుగురైదుగురు ఉంటారు, పంపకాలు కావాలి, కప్పు కారుతుంటుంది. వాళ్లను దోషులుగా నిలబెట్టి మాట్లాడితే తలుపు మూసేస్తారు. మర్యాదగా వెళ్లి, రెండు రోజులు టైమ్ అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, టీ కూడా ఇస్తారు.

ఆ రెండు రోజుల్లో చేయాల్సినవి ఉన్నాయి. ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి ఫొటో తీయండి, వంటగదిని, పెరటి బావిని వదలకండి. టేపు పెట్టి కొలతలు రాసుకోండి. వేదిక ఉంటే దాని ఎత్తు, వెడల్పు, తెర తాడు కట్టిన కొక్కేలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టండి. సున్నం పొరల కింద పాత ధరల పట్టిక రాసి ఉండొచ్చు, తడిగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. బోర్డు, గల్లాపెట్టె, టికెట్ల పుస్తకం, అద్దాల బీరువా పాత సామాన్ల వాడి చేతికి వెళ్లకముందే యజమానిని అడిగి తీసుకోండి. మీ ఇంట్లో చోటు లేకపోతే ఊళ్లోని గ్రంథాలయం వాళ్లతోనో, కాలేజీ చరిత్ర శాఖతోనో ముందే మాట్లాడి ఉంచుకోండి. ఇచ్చినవాళ్ల పేరు, తేదీ, అది ఏ గదిలో ఉండేదో ఒక చీటీ మీద రాసి వస్తువుకు కట్టండి.